బోర్డు పోయిందన్నారు

సికింద్రాబాద్

ఒరేయ్ బావా,

"బాగవుతుందా, కొత్తది కొనాలా, ఒక్క మాటలో తేల్చు" అని ఫోన్లో అడిగావు. ఒక్క మాటే కావాలంటే, మీ అమ్మాయి ల్యాప్‌టాప్ బాగయింది. మదర్‌బోర్డు మార్చే పని లేదు. కానీ ఈసీ టీవీ వెనక మూత విప్పగానే బీయూ 208 ట్రాన్సిస్టర్ మాడిందో లేదో వాసనతో చెప్పినవాడివి నువ్వు. నీకు ఒక్క మాట చాలదు. చెప్పేదాకా నాకూ తోచదు. మస్కట్‌లో శుక్రవారం సెలవే కదా, తీరిగ్గా చదువుకో.

జరిగింది నీకు సగమే తెలుసు. హాస్టల్ గదిలో కీబోర్డు ఎడమ పక్కన టీ ఒలికింది. అమ్మాయి వెంటనే ఆపేసి, బోర్లించి, తుడిచింది. అక్కడిదాకా బాగానే చేసింది. కాసేపాగి ఆరిందనుకుని చార్జర్ పెట్టింది. అంతే, లైటు కూడా వెలగలేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే విప్పి చూసి, బోర్డు మీద తెల్లటి మరకలకు ఫొటో తీసి, "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ రాదు, మదర్‌బోర్డు మార్చాలి" అని కాగితం ఇచ్చారు. అందులో రాసిన ఖర్చు కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగం దాటింది. నీకు చెప్పే ధైర్యం లేక నా దగ్గరికి వచ్చింది. "నాన్నకి నువ్వే చెప్పు మావయ్యా" అంది. నేను చెప్పేలోపే చెల్లెమ్మ నీకు చేరవేసిందనుకో, అది వేరే సంగతి.

ఆ సర్వీస్ సెంటర్ వాళ్ళ మీద కోపం పెంచుకోకు. అక్కడ కూర్చున్న కుర్రాడికి బోర్డు మీద ఒక కెపాసిటర్ తీసి పెట్టే అధికారం లేదు, సామాను లేదు, డయాగ్రామ్ అసలే లేదు. వాడికి తెలిసిన విడి భాగాలు స్క్రీను, కీబోర్డు, బ్యాటరీ, ఫ్యాను, బోర్డు. అందులో ఏది పోతే అది మొత్తంగా మార్చాలి. కంపెనీకి అదే లాభం. ఒక బోర్డు మీద తప్పు వెతకడానికి ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి రెండు రోజులు. మార్చడానికైతే ఎప్పుడూ అరగంటే. కూలి ఖరీదుగా ఉండే దేశాల్లో ఆ లెక్క కొంత న్యాయమే కావచ్చు. ఆ లెక్కనే అమ్మాయి చేతిలో కాగితంగా పెట్టి, "బోర్డు పోయింది" అనడం దగ్గరే నాకు పేచీ. బోర్డు మొత్తం ఎప్పుడో గాని పోదు. దాని మీద ఏదో ఒకటి పోతుంది.

ఇది ఎలా నడుస్తుందో చెప్తా. మన టీవీ సప్లై కన్నా కష్టమేం కాదు, గొలుసు పొడవు ఎక్కువ, అంతే. అడాప్టర్ నుంచి 19 వోల్టులు వస్తాయి. మొదట రెండు మాస్‌ఫెట్లు ఉంటాయి, చార్జింగ్ ఐసీ ఒప్పుకుంటేనే అవి తెరుచుకుంటాయి. ఆ 19 వోల్టులు బోర్డంతా తిరిగే ఒక పెద్ద లైను. దాంట్లోంచి ముందుగా 3.3, 5 వోల్టులు పుడతాయి, ఇవి స్విచ్ నొక్కకముందే ఉండాలి. స్విచ్ నొక్కితే కబురు ఈసీ అనే చిన్న కంట్రోలర్‌కి వెళ్తుంది. (ఇది మన ఈసీఐఎల్ ఈసీ కాదు నాయనా.) అది ఒక్కొక్కదాన్నే లేపుతుంది. డీడీఆర్4 మెమరీకి 1.2 వోల్టులు, చివరికి ప్రాసెసర్‌కి ఒక వోల్టు అటూ ఇటూ. ప్రతి మెట్టు దగ్గరా "పవర్ గుడ్" అనే సిగ్నల్ వెనక్కి రావాలి, రాకపోతే తర్వాతి మెట్టు లేవదు. కాబట్టి డెడ్ బోర్డు దగ్గర అడగాల్సింది ఒకటే: గొలుసు ఎక్కడ ఆగింది?

మనం సిరీస్ లాంప్ పెట్టి చూసేవాళ్ళం గుర్తుందా, షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగేది. ఇప్పుడు ఆ పని కరెంట్ లిమిట్ ఉన్న డీసీ పవర్ సప్లై చేస్తుంది. అమ్మాయి బోర్డుకి 19 వోల్టులు ఇవ్వగానే సప్లై కిందికి కూలిపోయింది. మీటరు పెడితే పెద్ద లైను నేలకి షార్టు. ఒక రకంగా మంచి వార్తే. షార్టు ప్రాసెసర్ వోల్టేజీ మీద ఉంటే నా చెమట వేరేలా ఉండేది. ఇంకో మాట, నువ్వు ఎప్పుడైనా చెయ్యి పెడితే గుర్తుంచుకో: ప్రాసెసర్ లైనుకి నేలకి మధ్య మీటరు ఒకటి రెండు ఓములు, కొన్నిట్లో అంతకన్నా తక్కువ చూపించడం మామూలే. అది షార్టు కాదు, దాని స్వభావం. కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్ళు అక్కడ బీప్ వినపడగానే "సీపీయూ షార్ట్ సార్" అని మంచి బోర్డుల్ని స్క్రాప్‌లో పడేస్తుంటారు.

ఆ పెద్ద లైను మీద చిన్న చిన్న సెరామిక్ కెపాసిటర్లు డజన్ల కొద్దీ ఉంటాయి, అన్నీ పక్కపక్కనే, అన్నీ సమాంతరంగా. ఒకటి షార్ట్ అయితే మీటరుకి అన్నీ షార్టే. వీధిలో అందరి కుళాయిలూ ఒకే పైపు మీద ఉంటే ఎవరింట్లో కారుతోందో పైపు మొదట్లో నిలబడి చెప్పలేం కదా. అందుకని ఒక వోల్టు మాత్రమే ఇచ్చి, కరెంటుకి హద్దు పెట్టి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేస్తాం. షార్ట్ అయినది వేడెక్కుతుంది, దాని చుట్టూ తడి ముందుగా ఆరిపోతుంది. డబ్బున్నవాళ్ళు థర్మల్ కెమెరా పెడతారు. ఆ లైనుకి మామూలుగా ఎంత ఉండాలో అంతకు మించి ఒక్క పాయింటు కూడా ఇవ్వకూడదు, ఇస్తే వెతికే తప్పు ఒకటి, కొత్తగా చేసే తప్పు ఇంకొకటి. చార్జింగ్ ఐసీ పక్కనే ఉన్న కెపాసిటర్ దొరికింది. తీసేశాను, షార్టు పోయింది. అది లేకపోయినా బోర్డు నడిచేదే, పక్కవాటితో సర్దుకునేది. కానీ లెక్క ప్రకారం ఉండాల్సింది ఉండాలి కదా, స్క్రాప్ బోర్డు మీంచి అదే సైజుది, అదే వోల్టేజీది తీసి పెట్టాను.

అక్కడితో అయిపోలేదు. చార్జింగ్ ఐసీ అంచుల దగ్గర పచ్చగా చిలుము. దీనికి కాళ్ళు బయటికి ఉండవు, అడుగున ఉంటాయి, హాట్ ఎయిర్‌తో తీస్తే గాని లోపల ఏముందో కనిపించదు. తీశాను. కింద రెండు కాళ్ళ మధ్య చక్కెర పాకం ఎండి నల్లబడింది. ఐసీ కొత్తది వేశాను.

టీ చేసే చెడుపు గురించి చెప్పాలి, ఎందుకంటే అందరూ నీళ్ళే శత్రువు అనుకుంటారు. నీరు ఒక్కటే అయితే ఆరిపోతుంది. పాలు, చక్కెర ఆరిపోవు, అంటుకుని ఉండి గాల్లో తేమని పీలుస్తూ ఉంటాయి. పక్కపక్క రెండు కాళ్ళ మధ్య వోల్టేజీ ఉండి, వాటి మధ్య తడి ఉంటే లోహం ఒక కాలి నుంచి కరిగి రెండో కాలి మీద చేరి, అక్కణ్ణుంచి మొదటి కాలి వైపు ముళ్ళలాగా పెరుగుతుంది. అది తగిలిన రోజు షార్టు. మిషన్ ఆపేసినంత మాత్రాన ఇది ఆగదు, బ్యాటరీ కనెక్ట్ అయి ఉన్నంతసేపూ బోర్డు మీద కొన్ని లైన్లు బతికే ఉంటాయి. అందుకే ఒలికిన మరుక్షణం చార్జర్ లాగడం, ఆపడం, వీలైతే వెనక మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. బియ్యం చిప్ కింద తడిని లాగలేదు, చక్కెరని అసలే లాగలేదు. ఆల్కహాల్‌తో కడగాలి, మెత్తటి బ్రష్షుతో రుద్దాలి. బాగా పాడైతే అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో ముంచాలి. మీ అమ్మాయి హాస్టల్లో ఈ మాట గోడ మీద రాసి పెట్టమన్నాను.

ఇప్పుడు నా అసలు బాధకి వస్తా. మన రోజుల్లో రేడియోకీ టీవీకీ సర్క్యూట్ డయాగ్రామ్ దొరికేది. కొన్నిటికి లోపలే అతికించి ఉండేది, కొన్నిటికి పుస్తకంలో చివరి పేజీ మడతల్లో ఉండేది. నువ్వు దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ట్రాన్స్‌ఫార్మర్లు బరువు పెట్టి వేలితో లైను పట్టుకుని వెళ్ళేవాడివి. ఇప్పుడు ల్యాప్‌టాప్‌కి ఆ కాగితం కంపెనీ ఇవ్వదు. అది వ్యాపార రహస్యమట. మేం వాడే డయాగ్రామ్‌లు, బోర్డు మీద ఏ పిన్ను ఎక్కడుందో చూపించే బోర్డ్‌వ్యూ ఫైళ్ళు ఎక్కడో ఫ్యాక్టరీల నుంచి జారి, చేతులు మారి, పెన్‌డ్రైవుల్లో తిరిగి మా దాకా వచ్చినవి. కొన్నిటికి దొరుకుతాయి, కొన్నిటికి దొరకవు. దొరికితే అది బాగుచేసే బోర్డు, దొరక్కపోతే అదే "మార్చాల్సిన" బోర్డు. తడిసిన బోర్డు బతుకూ చావూ చాలాసార్లు టీ ఎంత పడింది అన్నదాని మీద కాదు, ఆ ఫైలు నా కంప్యూటర్లో ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంది. ఇది నాకు మింగుడు పడదు.

మన దేశంలోనూ ఈ కాగితాలు ఇవ్వాలన్న మాట మొదలైంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాదే డిసెంబర్ 24న దానికో పోర్టల్ తెరిచారు. సంతోషమే. నా బల్ల మీదికి మాత్రం ఇంతవరకు ఒక్క డయాగ్రామ్ కూడా కంపెనీ చేతుల మీదుగా రాలేదు. అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అని ఒక కంపెనీ 2021 నుంచి ల్యాప్‌టాప్‌లు చేస్తోంది. వాళ్ళు మదర్‌బోర్డు విడిగా అమ్ముతారు, స్క్రూడ్రైవర్ కూడా పెట్టెలోనే ఇస్తారు. కాబట్టి చేయలేని పని అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌లో మ్యాక్‌బుక్ బోర్డులు బాగుచేస్తూ వీడియోలు పెట్టి, ఈ హక్కు కోసం చట్టసభల్లో వాదించిన లూయీ రాస్‌మన్ అనే ఆయన ఉన్నాడు. మా దగ్గర కుర్రాళ్ళు సగం విద్య ఆ వీడియోల్లోనే నేర్చుకున్నారు, మిగతా సగం అమీర్‌పేట్ ఇన్‌స్టిట్యూట్లలో. ఆయన ఇంగ్లీషు వేగం మాత్రం నాకు అందదు.

మా వాళ్ళు అంతా పుణ్యాత్ములని నేను అనను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే ప్రతి రెండో షాపు మీదా "చిప్ లెవెల్ సర్వీస్" అని ఉంటుంది. అందులో చాలామంది బోర్డు తీసుకుని సాయంత్రం ఇంకో బల్లకి పంపి, కమీషన్ కలిపి బిల్లు రాస్తారు. అది తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. అంతకన్నా పెద్ద పాపం హీట్ కొట్టడం. నీకు ఆ కథ తెలియదు, అప్పటికే నువ్వు ఒమన్ వెళ్ళిపోయావు. 2008 ప్రాంతంలో ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న ల్యాప్‌టాప్‌లు కుప్పలుగా స్క్రీన్ రాకుండా పోయాయి. ఆ ఏడాది జులైలో ఆ కంపెనీయే ఈ లోపాల ఖర్చు కోసం 150 నుంచి 200 మిలియన్ డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఇక్కడ అందరూ 2006 నుంచి యూరప్ నిబంధనతో వచ్చిన సీసం లేని సోల్డర్‌ని తిట్టారు. సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకి కరుగుతుంది, లేనిది దాదాపు 217కి. "చిప్ కింది సోల్డర్ బాల్స్ విడిపోయాయి, వేడి చేస్తే అతుక్కుంటాయి" అన్నారు. హాట్ ఎయిర్ పెట్టి కాల్చారు, స్క్రీన్ వచ్చింది, డబ్బు తీసుకున్నారు. కొన్ని వారాలకి మళ్ళీ పోయింది. అసలు తప్పు కింద బాల్స్‌లో కాదు, చిప్ లోపల సిలికాన్ ముక్కకీ దాని అడుగు పలకకీ మధ్య ఉన్న అతుకులో. వేడికి అది తాత్కాలికంగా తగులుకునేది. చిప్ కొత్తది వేస్తే తప్ప దానికి మందు లేదు. "చిప్ లెవెల్ వాళ్ళా, మూడు వారాలు నడుస్తుంది" అన్న పేరు అప్పుడొచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఈ రోజుకీ ఎవరైనా ఆ హీట్ కొట్టడాన్నే "రీఫ్లో చేశాం" అంటే నేను మిషన్ వెనక్కి తీసుకొచ్చెయ్యమంటాను.

మార్చడమే మేలు అనే సందర్భాలూ ఉన్నాయి, దాచను. ప్రాసెసర్ లోపలే షార్ట్ అయితే, బోర్డు పొరల మధ్య కాలి బొగ్గయితే, ముందే ముగ్గురు చెయ్యి పెట్టి ప్యాడ్లు లేపేస్తే నేను తీసుకోను. అప్పుడు కూడా కంపెనీ చెప్పిన ధర ఒక్కటే దారి కాదు, ఇంకో మిషన్‌లోంచి తీసిన బోర్డు దొరుకుతుంది. కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చూసి కొనకూడదు. ఒకే పేరు కింద నాలుగు రకాల బోర్డులు ఉంటాయి. బోర్డు మీద ప్రింటైన నంబరు చూడాలి. ఎల్ఏ అని మొదలైతే తైవాన్ కంపాల్ వాళ్ళది, డీఏ0 అయితే క్వాంటా వాళ్ళది, ఎన్ఎం అయితే లెనోవో సొంత ఫ్యాక్టరీ ఎల్‌సీఎఫ్‌సీది. మూత మీద బ్రాండు ఏదైనా చాలావాటి కడుపులో ఇలాంటి వాళ్ళే. ప్రాసెసర్ ఇప్పుడు బోర్డుకే అతికి వస్తుంది, కొన్నిట్లో ర్యామ్ కూడా. గ్రాఫిక్స్ ఉన్నదానికి లేనిది కొంటే కూలింగ్ పైపు కూడా సరిపోదు. బయాస్‌కి పాస్‌వర్డ్ పడి ఉందేమో కొట్టులోనే ఆన్ చేసి చూడాలి. విండోస్ లైసెన్స్ కూడా బోర్డుతోనే పోతుంది, విండోస్ 8 కాలం నుంచి కంపెనీ వేసిన కీ బయాస్ చిప్‌లోనే ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం డేటా. అమ్మాయి మిషన్‌లో ఎస్‌ఎస్‌డీ విడిగా ఉంది కాబట్టి బతికిపోయాం. ఆపిల్ వాళ్ళవి 2018 టీ2 చిప్ ల్యాప్‌టాప్‌ల నుంచి, 2020లో వచ్చిన ఎం1లు కూడా కలిపి చూస్తే, డేటాకి తాళం బోర్డు మీది చిప్‌లోనే ఉంటుంది. బోర్డు మార్చావా, పాత ఫొటోలకి నమస్కారమే. ఆ మిషన్లు తెచ్చినవాళ్ళని నేను మొదట అడిగేది ధర కాదు, బ్యాకప్ ఉందా అని.

ఇక మనదాని సంగతి. బోర్డు లేచింది, స్క్రీన్ వచ్చింది, చార్జింగ్ ఎక్కుతోంది, రాత్రంతా నడిపి చూశాను, వేడి మామూలుగానే ఉంది. కీబోర్డు మాత్రం మార్చాలి, కొన్ని అక్షరాలు అతుక్కుంటున్నాయి. దానికీ ఐసీకీ అయిన ఖర్చు అమ్మాయి ఇచ్చింది. నాకు కూలి పంపుతానని మళ్ళీ అన్నావంటే ఈ ఉత్తరమే చివరిది.

ఒక్క ముడి మిగిలింది. బ్యాటరీ తీసి అన్నాళ్ళు ఉంచడంతో బయాస్ సెట్టింగులు మొదటికి వెళ్ళాయి. దాంతో విండోస్‌కి అనుమానం వచ్చి బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. ఆ డిస్కుకి తాళం పడి ఉన్నట్టు అమ్మాయికే తెలియదు, ఈ రోజుల్లో చాలా మిషన్లలో అడక్కుండానే వేస్తున్నారు. కీ 48 అంకెలు. కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా నీ మెయిల్‌తో నువ్వే తెరిచావట, కాబట్టి అది అక్కడే ఉండాలి. స్క్రీన్ మీద కనిపిస్తున్న కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు అమ్మాయి నీకు మెసేజ్ పెడుతుంది. నీ ఖాతాలో ఉన్నవాటిలో దానికి సరిపోయే కీ ఏదో చూసి పంపు. నా దగ్గర వేరే దారి లేదు. ఫార్మాట్ కొట్టేద్దామని మాత్రం అమ్మాయికి చెప్పకు, దాని ప్రాజెక్టంతా అందులోనే ఉంది. అంకెలు ఒకటికి రెండుసార్లు సరిచూసి పంపు.

నీ
బావ